పదకొండూ ఇరవై నుంచి ముప్పై దాకా

పెట్టె పొద్దున్నే హైదరాబాద్ బస్సులో వచ్చింది. తొమ్మిదింటికల్లా శ్రీరమ్య దాన్ని ఇనప రాక్‌లోకి ఎక్కించి నాలుగు మరలూ బిగించేసింది. గుంటూరు నుంచి వచ్చే మెయిన్ లైను దీనికి ఒక పక్క, సత్తెనపల్లి ఊళ్ళోకి వెళ్ళే లైన్లు రెండో పక్క. బాపయ్య నెట్ కనెక్షన్లు ఉన్న రెండువేల ఇళ్ళల్లో, కొట్లల్లో ఎవరి డేటా ముందు పోవాలో, ఎవరిది ఆగాలో ఇకమీద ఇదే తేలుస్తుంది.

మొదటి గంట దాన్ని ఊరికే చూడనివ్వాలి. ఏ లైను మీద ఎన్ని కంప్యూటర్లున్నాయో, ఎవరెంత వాడుతున్నారో అది తెలుసుకుంటుంది. ఆ తర్వాతే రూల్స్. శ్రీరమ్య కుర్చీ లాక్కుని, బిల్లుల్లో ఉన్న పేర్లను ఒక్కొక్క లైనుకీ అంటిస్తూ కూర్చుంది.

పదింటికి బాపయ్య లోపలికొచ్చాడు. నాన్నకు పినతండ్రి కొడుకు. ఆమెకు బాబాయ్, జీతమిచ్చే యజమాని కూడా.

"ఏమ్మా, లేచిందా మిషను?"

"లేచింది బాబాయ్. ఇంకా చూస్తోంది."

"చూడ్డానికి మా ఆవిడ చాలదా, ఇంత పెట్టి ఇదొకటి కొన్నానా?" నవ్వి, గొంతు తగ్గించాడు. "ఒక చిన్న పనుంది. మనిద్దరి మధ్యే ఉండాలి."

ఊరి చివర కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఈ ఏడు నుంచి మిర్చిని ఆన్‌లైన్లో వేలం వేస్తున్నారు. పదకొండింటికి మొదలు, పదకొండున్నరకు ముగింపు. ఆరుగురు వ్యాపారులు. ఎవరు తమ కొట్లో ఏ లైనును రిజిస్టర్ చేసుకున్నారో దాని మీదే పాట పాడాలి, సెల్‌ఫోన్లో కుదరదు. మొదటి ఇరవై నిమిషాలూ అందరూ మొహమాటానికి పాడతారు. అసలు పోటీ చివరి పది నిమిషాల్లోనే. ఆ పది నిమిషాలూ ఐదుగురి లైన్లు పాకాలి. ఆరో వ్యాపారి చైతన్యకృష్ణ లైను ఒక్కటే పరుగెత్తాలి. అదీ చిన్న పని.

"పూర్తిగా ఆపమనట్లేదు కదా. స్లో అవుతుందంతే. కొత్త మిషను, సెట్టింగులు జరుగుతున్నాయంటాం."

"ఇవాళ పాటలో నాన్న సరుకుంది బాబాయ్. నూట నలభై టిక్కీలు."

బాపయ్య గోడ మీది కేలండరు వైపు చూశాడు. "తెలుసు. అన్నయ్య సంగతి తర్వాత నేను చూసుకుంటా. ముందిది కానియ్."

కోపం వస్తుందేమోనని శ్రీరమ్య కాసేపు ఆగింది. రాలేదు. భయమూ రాలేదు. ఆ నూట నలభై బస్తాలూ రెండేళ్ళుగా చల్లటి గదిలో పడున్నాయి. ధర పెరుగుతుందని దాచారు, అది పడిపోయింది. వాటి మాట లేకుండా ఇంట్లో ఒక్క పూట భోజనం కాలేదు. బస్తాలు మోసే భుజానికి కాయ కాసినట్టు ఆమె మనసుకీ ఎప్పుడో కాసింది. ఐదు పేర్లు టైపు చేసింది. పదకొండూ ఇరవై నుంచి ముప్పై దాకా అని టైము పెట్టింది.

ఆ ఐదుగురిలో మీరా హుస్సేన్ లైను దగ్గర తెర మీద రెండు కంప్యూటర్లు కనిపించాయి. రెండోది ఎవరిదో ఆమెకు తెలుసు. మూడు నెలల క్రితం లైను బాగు చెయ్యడానికి దాబా ఎక్కినప్పుడు చూసింది. చైతన్యకృష్ణ పేరు మీదున్న కనెక్షన్ అతని ఇంటిది. కొట్లోకి మాత్రం పక్క కొట్టు మీరా హుస్సేన్ దగ్గర్నుంచి దాబా మీదుగా వైరు లాక్కున్నాడు. ఆ బజారులో అది మామూలే, ఒకరు కనెక్షన్ పెట్టించుకుంటే ముగ్గురు వాడతారు. బాపయ్య బిల్లు మీద పేరు చూస్తాడు గానీ వైరు ఎటుపోతోందో చూడడు.

చెప్పాలనిపించలేదు. దాచాలనీ అనిపించలేదు. అడిగితే చెప్పేది. అతను అడగలేదు.

పదకొండూ ఇరవైకి ఐదు గీతలు తెర అడుక్కి పడిపోయాయి. పక్క కంప్యూటర్లో వేలం పేజీ తెరిచి ఉంది. నాన్నది తొమ్మిదో లాటు, చెంచురామయ్య, తేజ రకం మిర్చి. క్వింటా పదమూడు వేల రెండొందలు, మీరా హుస్సేన్ పాట. ఇరవై రెండు నిమిషాలకీ అదే. ఇరవై ఐదుకీ అదే. మిగతా పదకొండు మంది రైతుల లాట్లూ ఎక్కడివక్కడే.

ఇరవై ఎనిమిదో నిమిషంలో బాపయ్య ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టకపోయినా చైతన్యకృష్ణ గొంతు గది నిండా వినిపించింది.

"ఏంది బాపయ్యా, సిస్టమ్ చెడిందేమోనని రెండుసార్లు ఆపి ఆన్ చేశా. తిరుగుతానే ఉందిగా!"

"నీ లైను ఫుల్ స్పీడు మీదుందయ్యా. మా అమ్మాయి ఇక్కడే చూస్తోంది."

"ఫుల్లా? రా, వచ్చి చూడు. తిరునాళ్ళలో రంగులరాట్నం లాగా తిరుగుతోంది. టిక్కెట్టు పెట్టమంటావా?"

బాపయ్య ఇటు తిరిగాడు. "ఏమ్మా?"

"కొట్లో ఆయన వాడేది మీరా హుస్సేన్ గారి లైను బాబాయ్."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

అతను నోరు తెరిచి, గడియారం చూసి, "తియ్, ముందది తీసెయ్" అన్నాడు. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టింది. అవి తొందరపడలేదు. ఆ ఒక్క పేరు తీసి సేవ్ చేసేసరికి ముప్పై అయింది. వేలం పేజీ ఎర్రబడింది, పాట ముగిసింది.

రెండు నిమిషాల్లో నాన్న ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, చూశావా? పదమూడు వేల రెండొందల దగ్గరే కూలబడింది. నిన్న బుల్లయ్యది ఇదే సరుకు పదిహేనున్నర పోయింది. నాదాంట్లో రంగు తగ్గిందేమో. ఇక ఒప్పేసుకుంటానమ్మా, విసుగొచ్చింది. అవునో కాదో అరగంటలో చెప్పమంటున్నారు."

ఎదురుగా నిలబడ్డ బాపయ్య ఏమీ చెప్పొద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఒప్పుకోవద్దు నాన్నా. సరుకులో ఏ లోపం లేదు. చివరి పది నిమిషాలూ వ్యాపారుల లైన్లు ఇక్కణ్ణుంచి బిగించారు."

"ఎవరు?"

"నేనే. బాబాయ్ చెప్పాడు, నేను చేశాను." కరెంటు బిల్లు చదివినట్టుంది ఆమె గొంతు.

అవతల హమాలీల అరుపులు వినిపించాయి.

"మన సరుకుందని తెలిసేనా?"

"తెలిసే."

మళ్ళీ హమాలీల అరుపులు. తర్వాత, "నాతోపాటు ఇంకా పదకొండు మందివి పాటకొచ్చాయమ్మా. వాళ్ళు ఒప్పుకోడానికి సంతకాలు పెట్టబోతున్నారు."

"వాళ్ళకీ చెప్పు నాన్నా."

"నీ పేరు కూడానా?"

"నా పేరు కూడా."

ఫోన్ ఆగిపోయింది. బాపయ్య స్టూలు మీద కూలబడి తుండుతో మెడ తుడుచుకున్నాడు.

"పిచ్చిదానా, నీకూ నాకూ ఈ ఊళ్ళో నీళ్ళు పుడతాయా? కొత్త మిషను, దానంతటదే అట్లా చేసిందని చెబుదాం."

"నేను చెప్పను బాబాయ్. టైము పెట్టింది నేను."

మిగిలిన నాలుగు పేర్లూ ఒక్కొక్కటే తీసేసింది. కాసేపటికి కింద రోడ్డు మీద మోటార్ సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్న చప్పుడైంది. బాపయ్య లేవలేదు.

"ఎంతమందొచ్చారో చూడు."

శ్రీరమ్య కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది.

"పన్నెండు మందీ వచ్చినట్టున్నారు. నాన్న ముందున్నాడు" అంది.