రెండో తాళంచెవి

కిరీటి, అతని భార్య కల్పన పాత కార్ల షోరూంలో పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. కిరీటి ఫోన్‌లో మళ్లీ పంచాంగం చూసుకున్నాడు. శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. ఫరీదాబాద్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, పద్దెనిమిది వేల జీతం పోయింది. చేతికొచ్చిన పీఎఫ్ మొత్తం ఇక్కడో కారుకు అడ్వాన్సుగా బయానా కట్టాడు. టాక్సీ తిప్పితేనే ఇల్లు గడిచేది.

పది దాటాక సేల్స్‌మన్ మల్హోత్రా లోన్ కాగితాలు, కారు రెండు తాళంచెవులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తెలుగువాళ్లకు చాలా కార్లు అమ్మినవాడు. కొబ్బరికాయ కూడా సిద్ధంగా ఉంచాడు.

"జల్దీ సర్. మీ రాహుకాల్ వచ్చేస్తుంది."

కల్పన కాగితాలు తిప్పింది. వడ్డీ ఎంతో, వాయిదాలు ఎన్నో, అన్నీ ఖాళీలే.

"ఏవండీ, ఏమీ రాయలేదేంటి?"

"తర్వాత నింపుతారంట. అందరూ ఇలాగే పెడతారు. టైం అయిపోతోందే."

మల్హోత్రా ఒక తాళంచెవిని తన వైపు లాక్కున్నాడు. "ఒక చాబీ లోన్ కంపెనీ దగ్గరే ఉంటుంది, భాభీజీ. దస్తూర్ హై, అదే పద్ధతి."

కల్పన కొంగుతో మొహం తుడుచుకుంది. తలుపు దగ్గర గార్డు ఎవరూ అడక్కుండానే ఫ్యాను ఆమె వైపు తిప్పి, గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు. తాగుతూ కిటికీ అద్దంలోంచి షోరూం పెరట్లోకి చూసింది. ఒక మనిషి తెల్లకారు వెనకద్దం మీది అక్షరాలను బ్లేడుతో గీకుతున్నాడు. 'అమ్మ దీవెన'లో 'అమ్మ దీ' వరకే మిగిలింది.

అది వాళ్ల గల్లీలోని ఈశ్వరప్రసాద్ గారి బండి. ఆయన భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు వాయిదాలు తప్పాయి. ఓ తెల్లవారుజామున ఇంటిముందు కారు లేదు. అద్దం పగలలేదు, చప్పుడు కాలేదు. ఎలా తీసుకెళ్లారో ఎవరికీ అర్థం కాలేదు.

కల్పన గ్లాసు దించి, మల్హోత్రా ముందున్న తాళంచెవిని పిడికిట్లోకి తీసుకుంది. పూలకుండీ వెనక సగం దాగిన బోర్డు చూపించి హిందీలో అంది:

"భయ్యా, అప్పు వివరాలన్నీ ముందే రాసివ్వాలని మీ గోడమీదే ఉంది. నింపండి. చదివాకే సంతకం."

"కల్పనా, పదిన్నర అవుతోంది."

"అవనివ్వండి. ఆ ఫ్యాక్టరీలోనూ ముహూర్తం చూసుకునేగా చేరారు."

మల్హోత్రా నవ్వు ఆగిపోయింది. "బయానా వాపస్ రాదు. సోచ్ లీజియే, ఆలోచించుకోండి." బయటికి చూసి చెయ్యి ఊపాడు. బళ్లు లాక్కొచ్చే ట్రక్కుకు ఆనుకుని ఉన్న ఇద్దరు లోపలికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

గార్డు వాళ్ల పక్కనుంచి చెయ్యి చాపి, తలుపు ఒక రెక్క తెరిచి పట్టుకున్నాడు. ఎవరి వైపూ చూడలేదు.

గోడగడియారం పదిన్నర దాటింది. కిరీటి భార్య పిడికిలి వైపు చూశాడు. చేతిలోని పెన్నుకు మూత పెట్టి, కుర్చీని ఆమె పక్కకు జరుపుకుని కూర్చున్నాడు.