ఊఁ అన్నాకే తాడు వదలాలి

తులసమ్మ చేతికి ఫోనొచ్చి మూడు రోజులు. పాతది, అద్దం పగిలింది, అయినా పనిచేస్తుంది. ఆ సాయంత్రం పక్కింటి షాలోమి ఆమెను ‘తోట పని’ అనే వాట్సాప్ గ్రూపులో చేర్చింది. విస్సన్నపేట అవతల మామిడి తోటలో కాయ ఏరే ఆడవాళ్లు, వీళ్లిద్దరితో కలిపి పద్దెనిమిది మంది అందులో ఉన్నారు. ఇంకొకడూ ఉన్నాడు. ఆ సంగతి చెప్పడం షాలోమి మరిచింది.

“మైకు గుర్తు నొక్కిపట్టుకుని మాట్లాడు అత్తా. వేలు తీస్తే పోద్ది.”

“ఎప్పటికి చేరుద్దే?”

“నువ్వు వేలు తీసేసరికే. అందరికీ.”

తులసమ్మకు చెప్పాల్సింది ఒకటే ఉంది. నిన్న వీళ్లు బంగినపల్లి కాయ ఏరుతుంటే పక్కనే రసాల వరసల్లో పురుగుమందు కొట్టారు. కొట్టేవాడి ముక్కుకు గుడ్డ ఉంది. ఏరేవాళ్లకు అదీ లేదు. జ్యోతి వాంతులు చేసుకుని చెట్టు కిందే పడిపోయింది. రేపూ కొడతారట. ఒక్కతే నోరెత్తితే మర్నాటి నుంచి కూలీలను తీసుకెళ్లే మేస్త్రి ఆటో ఆమె ముందు ఆగదు. అందుకే ఎవరూ ఎత్తరు.

తులసమ్మ నొక్కింది.

“నేను తులసమ్మని. మనం తోటలో ఉండగా మందు కొడతామంటే రేపు ఎవరూ ఆటో ఎక్కొద్దు. నేనైతే ఎక్కను. ఊఁ అనండి.”

వేలు తీసింది. షాలోమి అదిరిపడింది.

“అత్తో! రాయప్ప మేస్త్రి కూడా ఉన్నాడిందులో! గ్రూపు పెట్టిందే ఆయన. ఇటివ్వు, తీసేస్తా.”

“విన్నాడా?”

షాలోమి నొక్కి చూసింది. “పదహారు మంది విన్నారు. ఆయనా విన్నాడు.”

“మరి ఊఁ అనరేం?”

“విన్నట్టు గుర్తు పడిందిగా. అదే ఊఁ అనుకో.”

“అదెట్టా అవుద్దే?”

తోటలో అలా కాదు మరి. కొమ్మ మీది మనిషి కాయల బుట్టను తాడుతో దించుతాడు. కింది మనిషి బుట్ట పట్టుకుని ఊఁ అన్నాకే తాడు వదలాలి. ముప్పై ఏళ్లు కింద నిలబడి ఊఁ కొట్టింది తులసమ్మ. తాడు తన చేతికి రావడం ఇదే మొదలు.

తెర మీద ‘రాయప్ప టైపింగ్’ అని పడింది. పోయింది.

“నీ ఊఁ ఏదే షాలోమీ?”

 షాలోమి తన ఫోను తీసి నొక్కింది: ఊఁ.

వెంటనే జ్యోతి: ఊఁ. ఆ వెనకే మరో ఇద్దరు. పుష్పవతి గులాబీ బొమ్మ పంపింది.

“ఇదేంటే?”

“పువ్వత్తా.”

“పువ్వెవరిక్కావాలి!” తులసమ్మ మైకు నొక్కింది. “ పుష్పవతీ, ఊఁ అను.”

“అంటున్నా తల్లీ, ఊఁ! పువ్వు పెడితే తెలీదా నీకు?” అని పుష్పవతి గొంతు అరిచింది.

లెక్క పదిహేడుకొచ్చింది, తులసమ్మతో పద్దెనిమిది. పద్దెనిమిది మంది రాకపోతే కాయ చెట్టు మీదే పండి రాలుతుంది. అది రాయప్పకు ఎప్పుడో తెలుసు. ఆడవాళ్లకే ఇప్పుడు తెలిసింది.

రాయప్ప రాశాడు. షాలోమి చదివింది: “రైతుకు చెప్పాను. రేపు మందు లేదు. ఏడింటికి ఆటో.”

తులసమ్మ మళ్లీ నొక్కింది. “రేపొక్కరోజు కాదు మేస్త్రిగారూ. మేం తోటలో ఉన్న ఏ రోజూ కొట్టొద్దు. ఊఁ అనండి.”

టైపింగ్ అని పడింది. పోయింది. మళ్లీ పడింది. ఈసారి రాయప్ప రాసింది ఒక్క అక్షరమే, షాలోమి చదివింది:

“ఊఁ.”

తులసమ్మ అప్పుడు ఫోను అరుగు మీద పెట్టింది.