చివరి చదరంలో దొర

కిషన్‌రావు దొరకు ఎన్నడూ మారని న్యాయం ఒక్కటే ఉండేది: కోటలాంటి తన గడి ముందు నుంచి పోయేవాడెవడైనా చెప్పులు విడిచి చేతిలో పట్టుకోవాలి. మిగతా న్యాయాలన్నీ ఆ పూట ఆయన తిన్నది అరిగిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుండేవి.

అంతటి ధర్మప్రభువుకు నకాషి రాజలింగం రూపంలో శని పట్టుకుంది. నకాషీలు కులపురాణాలను బట్ట మీద బొమ్మలుగా వేస్తారు. వాటిని చూపిస్తూ వేరొకరు కథ పాడతారు. రాజలింగానికి ఆ పాడేవాడితో పనిలేకపోయింది. బట్టను చదరాలుగా విడగొట్టి, ఒక చదరంలో మొదలైన పని పక్క చదరంలో సాగేట్టు వేశాడు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా వరసగా చూసుకుంటూ పోతే కథ తెలిసిపోయేది. దేవుళ్ళ కథలు అయిపోయాయేమో, దొర కథలు ఎత్తుకున్నాడు. ఏ కథయినా చివరి చదరం ఒకటే: దొర తన చెప్పులు చేతిలో పట్టుకుని జనం ముందు నుంచి పోతుంటాడు.

దొర కళాపోషకుడు. మనుషులను పంపి రాజలింగం కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టించి, పటాన్ని గడి ముందు తగలబెట్టించాడు. పీడ విరగడైందని కడుపునిండా భోంచేశాడు.

కానీ ఆ బొమ్మ ఎవరైనా గీయగలిగేట్టు ఉంది. సున్నలాంటి పొట్ట, బారెడు మీసం, పుల్లల్లాంటి కాళ్ళు, చేతిలో చెప్పులు, అంతే. ఆడవాళ్ళు గోడల మీద సున్నంతో గీశారు. గొర్లకాపరులు బండల మీద బొగ్గుతో గీశారు. డోర్నకల్ స్టేషన్‌లో రైలు డబ్బాల మీద కూడా కనబడిందట. ఎందరి వేళ్ళని విరగ్గొట్టిస్తాడు, పాపం!

దొరల మీద తిరగబడ్డ సంఘం దళం ఊళ్ళోకి వచ్చిన రోజు దొర పెరటి తలుపు తీసుకుని పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడు. బురదలో చెప్పులు దిగబడుతుంటే తీసి చేత పట్టుకున్నాడు. ఎవరూ చూడలేదని హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ తనకు తానే చెప్పుకున్నాడు.

పోలీసు చర్య అయ్యాక మిలిటరీ వెనకాల ఖద్దరు తొడుక్కుని తిరిగొచ్చాడు. గడి దక్కింది, భూములు దక్కాయి. భయమే దక్కలేదు. దండం పెట్టే ప్రతివాడి చూపూ ఆయన చేతుల మీదికి పోయేది. భయపడని ఊళ్ళో తానెవరో దొరకు తెలియలేదు. ఒక్కడే ఉన్నప్పుడు ఏడుపు వచ్చేది.

చివరికి ఓరుగల్లు నుంచి పేరున్న చిత్రకారుణ్ణి పిలిపించి, గడి గోడ మీద నిలువెత్తు బొమ్మ వేయించుకున్నాడు. కాళ్ళకు జరీ చెప్పులు. ఊరినంతా డప్పు కొట్టించి రప్పించాడు.

"చూడుండ్రి! ఇగ నుంచి నా బొమ్మంటే గిదే" అన్నాడు.

గడిలో వెట్టికి వడ్లు దంచి దంచి నడుము వంగిన బుచ్చవ్వ దగ్గరికొచ్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మంచిగున్నడు. ఎవలు దొరా ఈయన?"

"కండ్లు కనవడ్తలేవా? నేనే!"

"మీరెట్లయితరు దొరా? మా దొర చెప్పులు చేతుల ఉంటయి గద!"

జనం వెనక రాజలింగం వంకరపోయిన చెయ్యి గొంగడిలో దాచుకుని నిలబడ్డాడు. దొరకు ఒళ్ళు మండిపోయింది. వంగి కుడికాలి చెప్పు లాగి, ముసలిదాని మీదికి ఎత్తాడు.

బుచ్చవ్వ బెదరలేదు. జనం వైపు తిరిగింది.

"ఇగో, గిప్పుడు గుర్తువట్టిన. మా దొరే!"

ఊరు గొల్లుమంది. తుపాకులు పట్టుకున్న జవాన్లు కూడా మొహాలు పక్కకు తిప్పుకున్నారు. రాజలింగం మాత్రం నవ్వలేదు. తల ఓరగా వంచి, వేసిన బొమ్మ సరిగా కుదిరిందో లేదో చూసుకుంటున్నట్టు దొరనే చూస్తున్నాడు.

చెప్పు తిరిగి తొడుక్కోవాలంటే ఊరందరి ముందూ వంగాలి. దొర వంగలేకపోయాడు. దాన్ని చేతిలోనే పట్టుకుని, జనం ముందు నుంచి కుంటుకుంటూ తన గడిలోకి పోయాడు.