వంగపండు రంగు దారం

శనివారం కచేరీ కరపత్రం మీద తెస్సా బొమ్మ పెద్దదిగా వేశారు. ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరి ఆర్కెస్ట్రాలో, సన్నాయిలాంటి ఓబో వాయించేవాళ్ళలో మొదటి కుర్చీ ఇప్పుడు ఆ ఇరవై ఆరేళ్ళ పిల్లది. పక్కనున్న రెండో కుర్చీ మార్లిస్‌ది, పదకొండేళ్ళుగా. మేలో ఆ మొదటి కుర్చీకి పోటీ తెర చాటున జరిగింది. అడుగుల చప్పుడుకి కూడా న్యాయనిర్ణేతలు మనిషిని పోల్చుకోకూడదని తివాచీ పరిచారు. అంత ధర్మంగా ఓడిపోయాక మార్లిస్ ఎవర్ని తిట్టుకుంటుంది? సరిపెట్టుకుంది.

మంగళవారం రిహార్సల్‌కి ముందు తెస్సా డబ్బా తెరిచి, ఓబో పీక తీసి నీళ్ళలో నానబెట్టింది. మార్లిస్ చూపు దాని మీద పడింది. రెండు రెల్లు ముక్కల్ని గొట్టానికి బిగించి కట్టిన దారం వంగపండు రంగు. చివరి ముడి దగ్గర రెండు చుట్లు ఎక్కువ. ఆ ముడి మార్లిస్‌ది. ఆ దారం వాళ్ళమ్మ కుట్టుమిషను సొరుగులోది.

"పీక బాగుందే. ఎవరు కట్టారు?"

"మాస్టారు. పోటీకి ముందు నాలుగిచ్చారు, వీటితోనే నెగ్గా. మూడు అరిగిపోయాయి. ఆయన చేతుల్లో ఏముందో గానీ మార్లిస్ గారూ, నోట పెడితే చాలు, అదే పాడుతుంది."

ఆ చేతుల్లో ఏముందో మార్లిస్‌కి తెలుసు. వణుకు ఉంది.

ఆ మాస్టారు, ఎల్వుడ్ గ్రేబర్, ముప్పై ఏళ్ళు ఆ మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి, మార్లిస్‌కి గురువు. వాయించేటప్పుడు ఎలాగో నిలిచే చెయ్యి, ఆరేళ్ళ కిందట పీక చెక్కే కత్తి పట్టుకుంటే వణకడం మొదలెట్టింది. తన పీక తాను చెక్కుకోలేని ఓబో విద్వాంసుడు నలుగురిలో తలెత్తుకోలేడు. అప్పట్నుంచి ఆయన పీకలన్నీ మార్లిస్సే చేసింది, మూడో కంటికి తెలియకుండా. "నా తరవాత ఆ కుర్చీ నీదే అమ్మాయ్, పోటీ నామకార్థం" అనేవాడు. ఏప్రిల్లో "చివరి కచేరీలు, మంచివి నాలుగు చేసిపెట్టు" అన్నాడు. వారం రోజులు వేళ్ళు కోసుకుని చేసి, మేలైన నాలుగూ ఆయన చేతిలో పెట్టింది. మిగిలిన అయిదోదానితో తాను పోటీకెళ్ళింది. పిచ్చి మొహం.

రిహార్సల్ వినడానికొచ్చిన గ్రేబర్ విరామంలో కాఫీ కప్పుతో వేదిక మీదికొచ్చాడు.

"మాస్టారూ, ఉన్న ఒక్కటీ అంచు చిట్లింది. శనివారానికి ఒకటి కట్టి ఇస్తారా?" అంది తెస్సా.

"దానికేం, రేపు పంపిస్తా" అన్నాడు తెస్సాతో, మార్లిస్ వైపు చూస్తూ.

మార్లిస్ ఆయన్ని నడవాలోకి తీసుకెళ్ళింది. "నా నాలుగూ ఆ పిల్లకిచ్చారు."

గ్రేబర్ కాదనలేదు. "నీ పీకకి తగ్గ ఊపిరి దాని దగ్గరుంది అమ్మాయ్. నీకు చెయ్యి ఉంది. అందరికీ అన్నీ ఉండవు కదా."

"ఆ మాట ఆరేళ్ళ కిందట చెప్పకపోయారా?"

"చెబితే చేసిపెట్టేదానివా?"

ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. మార్లిస్‌కి ఒళ్ళు భగ్గుమంది. ఇన్నాళ్ళూ శిష్యురాలిననుకుంది, ఆయన లెక్కలో కేవలం పనిమనిషి.

గ్రేబర్ వెనకే రాగా వేదిక మీదికొచ్చి, సంచీలోంచి కత్తి, చెక్కని పీక ఒకటి తీసి తెస్సా ముందున్న బల్ల మీద పెట్టింది. వంగపండు రంగు దారపు ఉండ కూడా పెట్టింది.

"మాస్టారు ఇప్పుడే చెక్కి చూపిస్తారు. చూసి నేర్చుకో తెస్సా. నేనూ చూస్తా."

"ఇప్పుడెందుకమ్మాయ్" అన్నాడు గ్రేబర్.

"ఒక్క గీత చాలు మాస్టారూ."

తప్పించుకునే దారి లేక ఆయన కత్తి తీసుకున్నాడు. కత్తి మొన పీక మీద నిలవక బల్ల అంచుకి టకటకా కొట్టుకుంది. తెస్సా ఆ చేతిని చూసింది, తరవాత దారపు ఉండని, తరవాత తన చేతిలోని పీకని. తరవాత మార్లిస్ వైపు తిరిగింది.

కడుపు చల్లబడుతుందనుకుంది మార్లిస్. చల్లబడలేదు. ఆ ముసలి చేతిని చూస్తే జాలి కలగలేదు, కలగనందుకే ఏడుపొచ్చింది.

కండక్టరు కర్ర తట్టాడు. ఆర్కెస్ట్రా అంతటికీ శ్రుతి ఇవ్వాల్సింది మొదటి ఓబో. తెస్సా ఆ చిట్లిన పీకనే నోట పెట్టుకుని ఊదింది. స్వరం నిఖార్సుగా నిలిచింది. అందరితో పాటు మార్లిస్ కూడా తన వాద్యాన్ని దానికే సరిచేసుకుంది.