పుట్టికి ఎన్ని బస్తాలు?

అంగట్లో ఉప్పు ప్యాకెట్టు అడగడానికి కూడా నోరు రాని పిల్ల అనఘ. అలాంటిది, "పెన్నా లోయలోకి పుట్టిలో పోదాం మామా" అనేసరికి దత్తాత్రేయ మామ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు. బడివాళ్లు గండికోటకు తీసుకుపోయినప్పుడు, తట్టలా గుండ్రంగా ఉండే ఆ చేపల పడవ కింద లోయలో పోతూ కనబడింది ఆమెకు. దారీ ఊరూ లేని ఆ రాళ్ల మధ్యకు తానూ పోవాలని అప్పటినుంచీ ఒకటే ధ్యాస.

"సరే. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు పోయి తాళ్లు, టార్పాలిన్ కొందాం. ఆడ్నుంచి జమ్మలమడుగు. బండి నాది, వంట నాది. పుట్టిని మాట్లాడేది మాత్రం నువ్వే. నువ్వు నోరు తెరవకుంటే యాత్రా ల్యాదు, గీత్రా ల్యాదు" అన్నాడు మామ.

అనఘ ఎదురింటి ఖమర్‌బీని అడిగింది.

"పుట్టికా? మా తమ్ముడు కరీముల్లా ఉండాడు కదే జమ్మలమడుగులో! కువైట్‌లో కూడా ఆ పనే చేసొచ్చినాడు" అంటూ ఆమె నంబరిచ్చింది.

కువైట్‌లో నది ఉందా అని అనఘకు అనుమానం వచ్చింది. అడగలేదు.

ఫోన్ చెవికి ఆనించుకుని, ఎవరూ చూడకుండా మూలకు తిరిగి గొణిగింది. "అన్నా, మాకు పుట్టి కావాల."

"యాడ పాపా?"

"గండికోట కాడ."

"కోటకా! గోడలు ఎంత ఎత్తుంటాయి?"

లోయకు రెండు పక్కలా నిలువునా లేచిన రాతిగోడలు అనఘ కళ్ల ముందు కదిలాయి. "శానా ఎత్తన్నా. చూస్తే కండ్లు తిరుగుతాయి."

"తేమ ఉందా?"

నదిలో తేమేంది? "నీళ్లే ఉండాయి కదన్నా!"

"నీళ్లుంటే పుట్టి నిలబడదు తల్లీ!"

నీళ్లలో నిలబడని పుట్టి ఇంకెక్కడ నిలబడుతుంది? అదే అడగాలనుకుంది గాని సిగ్గేసింది. "ఎట్లోగట్ల చూడన్నా, ఆదివారం వస్తాం" అని పెట్టేసింది. మామ అడిగితే "ఉంటాడంట" అని మాత్రం చెప్పింది. అర్థం కాలేదంటే యాత్ర పోతుంది.

ఆదివారం వేంపల్లె దాటుతుండగా కరీముల్లానే ఫోన్ చేశాడు. "పాపా, ఒక కోటు చాలా? రెండు కోట్లా?"

అనఘ బిత్తరపోయి మామను చూసింది. "కోట్లంట మామా."

"లైఫ్ జాకెట్లయ్యింటాయి. మంచోడే! ఇద్దరం కదా, రెండని చెప్పు."

ప్రొద్దుటూరులో తాళ్లు బేరం చేస్తుంటే మళ్లీ మోగింది. ఈసారి బస్తాలట. ఆరు తెస్తే సరిపోతాయా అని.

"బస్తాలెందుకు మామా?"

మామ కూడా తల గోక్కున్నాడు. "బరువుకేమో. తేలిగ్గా ఉంటే ఒరుగుతాదేమో. తెమ్మను."

జమ్మలమడుగు బస్టాండు దగ్గర కరీముల్లా ఆటో పక్కన నిలబడి చెయ్యి ఊపాడు. ఆటో నిండా తెల్ల బస్తాలు, పైన నిచ్చెన, బకెట్లు. మామ దిగి ఒక బస్తా మీద అచ్చు చదివాడు. గోడలకు రంగుకు ముందు పూసే పుట్టీ.

"పడవ యాడప్పా?"

"పడవేంది సామీ? కోట గోడలకు పుట్టీ పెట్టాలన్యారు కదా!" కరీముల్లా మొహం వాడిపోయింది. "కోట పని దొరికిందని వీధంతా చెప్పుకొని వస్తినే!"

ఆటోవాళ్లు గుమిగూడి నవ్వారు. అనఘ చెవులు కాలిపోయాయి. మామ చిరాగ్గా బండెక్కి తాళం తిప్పాడు. "ఏం మాట్లాడినావో ఏమో! ఎక్కు, ఇంటికి పోదాం."

అనఘ ఎక్కలేదు. అందరూ చూస్తున్నారు. ఇప్పుడు ఎక్కితే ఆ లోయ ఇక లేదు.

"అన్నా" అంది కరీముల్లాతో, కళ్లెత్తి. "నువ్వు అడిగింది నాకు ఒక్కటీ అర్థం కాల్యా. సిగ్గయి ఊరికే ఊ కొట్టినా. నాకు కావాల్సింది నీళ్ల మీద పోయే పుట్టి. చేపలోళ్లది. యాడుంటాది?"

"అట్ల అడగాల!" అన్నాడతను. "మైలవరం డ్యాము కాడ ఉంటాయి. పాండి, నేనూ వస్తా. ఇప్పుడు ఇంటికి పోతే నా పెండ్లాం నవ్వి సంపుతాది." ఆటోను బస్తాలతో అంగడికి తిప్పి పంపి, బండిలో ఎక్కి కూర్చున్నాడు.

డ్యాము గట్టున వల ఆరబెడుతున్న ముసలాయన దగ్గరకు అనఘ ఒక్కతే నడిచి వెళ్లింది.

"తాతా, పుట్టి కావాల. గుండ్రంగా ఉంటాది చూడు, నీళ్ల మీద పోయేది, మనుషులెక్కేది. గోడకు పూసేది కాదు."

ముసలాయన అయోమయంగా చూశాడు. "పుట్టిని గోడకెవురు పూస్తారు పాపా? ఎంతమంది?"

"ముగ్గురం తాతా. లోయలోకి, శానా దూరం."

నీళ్లలోకి తోసిన పుట్టిలో అనఘ ముందుగా ఎక్కింది. ఏ పక్కకు తిరిగినా ఒకేలా ఉంది. ఎటు మొహం పెట్టి కూర్చోవాలో తెలియలేదు.

"దీనికి ముందు ఏ పక్క తాతా?" అని గట్టుకంతా వినబడేలా అడిగింది.