ఒక్కదానికి సరిపడా చోటు

సెవిమ్ మోకాళ్లకు సబ్బు రాస్తుంటే నా చేయి ఆగింది. బడి గదుల నేల తుడిచి తుడిచి కాయలు కాచిన మోకాళ్లు. నావీ అంతే. ఇద్దరం ఒకే బడిలో, పిల్లలు రాకముందే పని ముగించి వెళ్లిపోయేవాళ్లం. జర్మనీలోని డూయిస్‌బుర్గ్‌లో, మా మసీదు వెనక గదిలో, చనిపోయిన ఆడవాళ్లకు స్నానం చేయించేది నేనే. జీతం ఉండదు. "పుణ్యం వస్తుంది కదే నజ్మియే" అంటాడు నా భర్త రెజాయి. పుణ్యం వచ్చే రోజున కూడా ఆయనకు పప్పు సూపు వేడిగానే ఉండాలి.

కుడివైపు నుంచి నీళ్లు పోశాను. గుడ్డ చుట్టాను. పేటిక బయట సిద్ధంగా ఉంది. సాయంత్రం విమానంలో టర్కీకి, సెవిమ్ భర్త ఊరికి వెళ్తుంది. పెళ్లయిన కొత్తలో ఆమె అక్కడ రెండేళ్లు ఉంది. ఆ రెండేళ్లూ అందరూ తిన్నాక మిగిలిందే తింది. ఇప్పుడు భర్త సమాధి ఒకవైపు, అత్తగారిది ఒకవైపు, మధ్యలో గొయ్యి తవ్వి ఉంచారట.

"ఆ ముసలిదాని పక్కన మాత్రం నన్ను పెట్టనీయకు. చచ్చాక కూడా టీ పెట్టమంటుంది" అని ఆసుపత్రిలో నాతో అని నవ్వింది సెవిమ్. తర్వాత నవ్వు ఆపి నా మణికట్టు పట్టుకుంది. "ఇక్కడే, ఈ ఊళ్లోనే" అంది.

ఆ మాట ఆమె కొడుకు ఓర్హాన్‌కు చెప్పాను.

"జబ్బులో ఏదో అనుంటుంది పిన్నీ. అమ్మ చోటు నాన్న పక్కన. మసీదు సంఘం వాళ్లు టికెట్ కూడా కొనేశారు."

"మీరంతా ఇక్కడే ఉంటారు కదరా. అక్కడ దాని దగ్గరికి ఎవరొస్తారు?"

"సెలవుల్లో వెళ్తాంలే."

నలుగురు మగవాళ్లు పేటిక ఎత్తారు.

మసీదు ఎదురుగా స్తంభానికి, వలస వచ్చినవాళ్లను పంపించేయాలనే పార్టీ ఎన్నికల పోస్టరు ఉంది. విమానం బొమ్మ, కింద 'ఇంటికి క్షేమంగా వెళ్లండి' అని. పోయిన నెల నిచ్చెనెక్కి దాన్ని కడుతున్నాయన మమ్మల్ని చూసి, "టికెట్ మేమే కొనిపెడతాం అమ్మలూ!" అన్నాడు. "కిటికీ పక్క సీటైతే చెప్పు నాయనా, ఇప్పుడే సర్దుకుంటా" అంది సెవిమ్. ఇవాళ ఆమె విమానం అడుగున, పెట్టెలతో పాటు వెళ్తోంది.

ఇంటికొచ్చి సూపు వేడిచేశాను. నలభై ఏళ్లుగా మా సోఫా మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఎలాగూ టర్కీకి వెళ్లిపోతాం కదా అని తీయనివ్వడు రెజాయి. కర్టెన్లు మారుద్దామన్నా అదే మాట. జర్మన్ క్లాసుకు పేరిస్తానంటే, "వెళ్లిపోయేదానివి, ఆ భాష నీకెందుకే?" అన్నాడు. బడిలో నల్లబల్ల తుడిచే ముందు దానిమీద ఉన్నది చదువుకుని, ఆ తర్వాతే తుడిచేదాన్ని. అలా వచ్చింది నాకు ఆ భాష. ముగ్గురు పిల్లల్ని ఈ ఊళ్లోనే కన్నాను. నాలుగోది పుట్టి ఊపిరి తీసుకోలేదు. దాన్ని ఈ ఊరి శ్మశానంలోనే పెట్టాం. రెజాయి ఆ రోజు తప్ప మళ్లీ అటు వెళ్లలేదు.

"మా తమ్ముడితో మాట్లాడాను" అన్నాడు సూపు తాగుతూ. "మనిద్దరికీ మా అమ్మ పక్కన చోటు చూశాడు. హద్దు రాళ్లు కూడా పాతాడు."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగేదేముందే? నీకు ఇంకెక్కడుంది ఇల్లు? ఉప్పు తే."

ఉప్పు తెచ్చిపెట్టాను. నిచ్చెన మీది మనిషీ, నా మొగుడూ ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నన్ను పంపించేయడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

మర్నాడు పొద్దున ఆయన టీ తాగి కాఫీహౌస్‌లో పేకాటకు వెళ్లాక, నా పింఛను డబ్బులు పడే కార్డు తీసుకుని శ్మశానం ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి పటం చూపించింది.

"ముస్లింల వరసలో ఖాళీ ఉంది. పాతికేళ్లకు ఇస్తాం. తర్వాత ఎవరూ పొడిగించకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాం. మరి ఫర్వాలేదా?"

"ఫర్వాలేదు."

"మీవారికీ కలిపి జంటగా తీసుకోండి. అందరూ అలాగే తీసుకుంటారు."

"ఆయనకు వాళ్లమ్మ పక్కన చోటుంది. నాకు ఒక్కదానికే రాయమ్మా" అన్నాను.