కోతిదొరకీ బావగారికీ ఒకే సూది

వానర పరిశోధనాలయంలో కిటికీ పక్క బోనులోని మగకోతిని అందరూ దొరగారనేవారు. వారంవారం సూదిమందు పడుతుండగా దొరగారి ఛాతీ విశాలమైంది, జూలు నిగనిగలాడింది. ఆ వైభవాన్ని మందుల గిడ్డంగి అధికారి ప్రతిదినమూ దర్శించి తరించేవాడు. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆయనకు సంతానం లేదు. ఆ లోటు తీర్చే దివ్యౌషధం తన గిడ్డంగిలోనే అజ్ఞాతవాసం చేస్తున్నదని ఆయనకు స్ఫురించింది. అది దేనికి వాడే మందో ఆయన ఎవరినీ అడగలేదు. అధికారులు అడగరు, గ్రహిస్తారు.

గ్రహించి, పొడుచుకున్నాడు. కొన్ని నెలలకు భుజాలకు చొక్కాలు చాలలేదు, కండలు తిరిగిన చేతులు చూసి భార్య మురిసిపోయింది. ప్రయోగశాలకిచ్చిన నమూనాలో మాత్రం వీర్యకణమన్నది మచ్చుకైనా కనబడలేదు.

ఆయన నేరుగా పరిశోధనాలయపు పశువైద్యుణ్ణి ఆశ్రయించాడు. వైద్యుడు భార్యకు స్వయానా తమ్ముడు.

"దొరగారి సూది నువ్వు పొడుచుకున్నావా బావా?"

"వాడి దర్జా చూశావు కదరా."

"దర్జా సరే, వాడికి పిల్లలెక్కడ? మగాళ్లకి పిల్లలు పుట్టకుండా ఆపే మందది. అందుకేగా వాడి మీద పరీక్షిస్తున్నాం."

"మగతనం పెంచే మందుకి పిల్లలెందుకు ఆగుతార్రా?"

"తలలో ఓ గ్రంథి ఉంటుంది, మేస్త్రీ లాంటిది. రక్తంలో ఈ సరుకు, అదే మగ హార్మోను, తగ్గితే కింద వృషణాల కార్ఖానాకి కబురు పంపుతుంది. నువ్వేమో అదే సరుకు బయట నుంచి దండిగా పోశావు. మేస్త్రీ చూశాడు, అంతా నిండుగా ఉంది, ఇంక మనతో పనేముందని పడుకున్నాడు. కబురు లేదు, కార్ఖానా మూత."

ఈ మాటలు విని పక్క గదిలోంచి పరిశోధనాలయపు సంచాలకుడు పరుగున వచ్చాడు. "ఇంత నిర్మలమైన ఫలితం కోతుల్లో కూడా రాలేదండీ. ఇంకో ఏడాది పొడుచుకోండి, శాస్త్రం మీకు రుణపడి ఉంటుంది."

బావగారు ఆ కీర్తికి ఒక్క క్షణం చలించాడు. "మానేస్తే ఈ కండలు పోతాయా?"

"పోతాయి. కొన్నాళ్లు నీరసం కూడా." వైద్యుడు అక్కకు ఫోను కలిపి, జరిగింది చెప్పి, బావ చేతికిచ్చాడు.

"ఆ కండలతో నేనేం చేసుకోవాలండీ, సోఫా జరిపించుకోనా?" అన్నది భార్య. "నాకు బిడ్డ కావాలి. సూది అక్కడ పారేసి ఇంటికి రండి."

సంచాలకుడు తన గదికి నిష్క్రమించాడు. బావగారు ఫోను బావమరిదికి తిరిగిచ్చాడు.

"మేస్త్రీ మళ్లీ లేస్తాడంటావా?"

"మెల్లగా లేస్తాడు. నెలలు పట్టొచ్చు. అందాకా నువ్వు మేస్త్రీకి సాయం చెయ్యకు బావా."